కిరసనాయిలు మరకనుకున్నాను

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాసుకుంటూ పోతే పుస్తకం సరిపోదు, బీరువా కావాలి. ఆ బీరువాలో పై అరలో పెట్టవలసిన పని ఒకటుంది. ఇన్నాళ్ళూ దాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొన్న ఇంటికి వెల్ల వేయిస్తుంటే అటక మీదనుంచి దిగిన ట్రంకుపెట్టెలో, పాత లాగరిథమ్ పుస్తకం అడుగున, అరచేతిలో పట్టే టేకు పెట్టె ఒకటి దొరికింది. మా కోడలు మూత తీసి, నీలం మఖ్మల్ గుడ్డలో పడుకున్న చదరపు గాజుముక్కని ఎండకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని మీద ఏమీ లేదు కదండీ మావయ్యగారూ, పారెయ్యమంటారా?" అంది. ఏమీ లేకపోవడమే దాని చరిత్ర అనీ, ఏమీ లేకుండా చేసిన ఘనుణ్ణి నేనేననీ చెప్పడానికి నోరు రాక, "ఉంచమ్మా" అన్నాను. ఒకప్పుడు ఆ గాజు మీద అంగుళానికి సుమారు పదిహేను వేల గీతలుండేవి. వాటిని నా చేతులతో, ముగ్గుపిండి పెట్టి, ఒక్కటి మిగలకుండా తోమేశాను.

ఆ చేతులకి ఆ విద్య అబ్బింది తాడేపల్లిగూడెంలో, మా అక్కయ్య ఇంట్లో. ఫిజిక్సుతో బి.ఏ. ప్యాసయ్యాక రెండేళ్ళు నేనక్కడే ఉన్నాను. ధాన్యానికి ధర లేని రోజులు. దానికే లేనప్పుడు బి.ఏ.కి ఎక్కణ్ణుంచి వస్తుంది? మా బావగారికి రైసుమిల్లు ఉండేది, పెంటపాడు దగ్గర పొలం ఉండేది, చీకూ చింతా లేని గొంతు ఉండేది. తెల్లవారేసరికి ఆయన వరండాలో పడక కుర్చీలో కూచుని, వేపపుల్ల నములుతూ, ఊక పొగ వాసన పీలుస్తూ, ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ వరసగా చెప్పేవారు. ఆ వరసలో నా వంతు కాఫీ రాకముందే వచ్చేసేది.

"ఏవోయ్ నరసింహం, ఇంతకీ కాలేజీలో నీకేం నేర్పారోయ్?"

"వెలుతురు గురించండి బావగారూ. దాన్ని రంగులుగా చీల్చడం..."

"వెలుతురే చీల్చేవాడికి సరుగుడు కట్టె ఒక లెక్కటోయ్? వెళ్ళు, వేణ్ణీళ్ళు కాగాలి."

వెళ్ళి చీల్చేవాణ్ణి. ఇంటికి ఎవరొచ్చినా గొడ్డలి చప్పుడు వినిపించేది, ఆయన వివరణా వినిపించేది. "మా బావమరిదండి. వెలుతురు చీలుస్తాడండి. ప్రస్తుతానికి కట్టెల మీద సాధన చేస్తున్నాడు." వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వకపోతే అన్నం అరగదు. అక్కయ్య మాత్రం నవ్వేది కాదు. ఆ పూట నా కంచంలో అన్నం కింద, ఎవరికీ కనిపించకుండా, ఇంకో గరిటెడు నెయ్యి ఉండేది. ఆ నెయ్యే నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా మింగుడుపడని వస్తువు. సాయంత్రాలు కాలవ గట్టున నిలబడి నీళ్ళ లోతు అంచనా వేసిన రోజులున్నాయి. ఈత రావడం ఎంత దురదృష్టమో అప్పుడే తెలిసింది.

కట్టెల తరవాత నా రెండో ఉద్యోగం లాంతర్లు. ఏడు లాంతర్లు. రోజూ మూడు గంటలకల్లా వాటి చిమ్నీలు వరండాలో గోనెపట్టా మీద వరసగా పెట్టుకుని, పాత పంచె ముక్కతో, ముగ్గుపిండితో తోమేవాణ్ణి. ఆ పనిలో అక్కయ్యకి ఒకటే సూత్రం. చిమ్నీని ఎండకెత్తి చూడాలి. గాజు మీద రంగులాడాయంటే కిరసనాయిలు ఇంకా పోలేదన్నమాట. "రంగులు పొయ్యేదాకా తుడవరా తమ్ముడూ" అనేది. ఆ సూత్రం రెండేళ్ళు నా చేతుల్లో ఇంకిపోయింది. న్యూటన్ సూత్రాలు కూడా అంత లోతుగా ఇంకలేదు.

అలాంటి రోజుల్లో ఏలూరులో ఒక హైస్కూల్లో సైన్సు మేష్టరు జబ్బు చేసి సెలవు మీద వెళితే, నన్ను ఆక్టింగుగా వేసుకున్నారు. ఆయన ఇక తిరిగి రారన్న సంగతి అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చి నా పాఠం చూసి సరేనంటే ఉద్యోగం ఖాయం. కాదంటే మళ్ళీ గొడ్డలి. వెలుతురు మీద పరిశోధన చేసిన మన దేశపాయనకి విదేశంలో పెద్ద బహుమానం వచ్చిన కొత్త అది. ఇన్‌స్పెక్టరుగారికి ఏ స్కూలుకి వెళ్ళినా వెలుతురు పాఠమే కావాలని చెప్పుకునేవారు. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "ఏవండీ, పట్టకం అందరూ చూపిస్తారు. మీరింకేదైనా చూపించండి" అన్నారు. నేను నా గొప్పకి పోయి, గీతలతో వెలుతురుని రంగులుగా విడదీసే గాజు, గ్రేటింగు, చూపిస్తానన్నాను. హెడ్మాస్టరుగారు సంతోషం పట్టలేక ఆ మాట ఇన్‌స్పెక్టరుగారికి ముందే ఉత్తరంలో రాసేశారు.

గ్రేటింగు ఏలూరులో ఎక్కడుంటుంది? రైలెక్కి వెళ్ళి నాకు కాలేజీలో పాఠం చెప్పిన ప్రొఫెసరుగారి కాళ్ళ మీద పడ్డాను. గాజుపలక మీద పల్చటి పొర, ఆ పొర మీద కంటికి కనిపించని గీతలు. ఆయన సీమనుంచి అడిగి తెప్పించుకున్నది. టేకు పెట్టె నా చేతిలో పెడుతూ, "అంగుళానికి పదిహేను వేలోయ్. వేలు పెడితే వేలు పోతాయి, జాగ్రత్త" అన్నారు. ఆ మాట నేను అక్షరాలా పాటించాను. వేలు పెట్టలేదు. గుడ్డ పెట్టాను.

నేను అద్దెకున్నది తివాచీలు నేసే ఇమాం సాహెబుగారింట్లో, వీధివైపు గది. నా గదికీ మగ్గానికీ మధ్య ఒక తడిక. పొద్దుటినించీ తడిసిన ఉన్ని వాసన, రంగు కుండల ఘాటు. మగ్గం ముందు ఆయన ఇద్దరు కొడుకులూ కూచుని ముళ్ళు వేస్తుంటే, సాహెబుగారు నమూనా చూస్తూ రంగులు పాటలా పిలిచేవారు. "రెండెరుపూ... ఒక నీలం... మూడు పసుపూ... మళ్ళీ ఎరుపు." ఆ పాట వింటూ లేచేవాణ్ణి, ఆ పాట వింటూ స్కూలుకి వెళ్ళేవాణ్ణి.

సోమవారం తనిఖీ అనగా గురువారం పొద్దున్న, నిద్ర సగం వదిలాక, ఒకసారి చూసుకుందామని పెట్టె తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. కాలేజీలో దాన్ని చీకటిగదిలో, యంత్రానికి బిగించి ఉండగా చూసినవాణ్ణే గాని ఎండలో, చేతిలో పట్టుకుని ఎప్పుడూ చూడలేదు. పలక ఎండకెత్తాను. దాని మీద ఆకుపచ్చ, ఎరుపు, ఊదా, నీళ్ళ మీద నూనెలా తళతళా ఆడాయి. నా తలకి బి.ఏ. వచ్చింది గాని చేతులకి రాలేదు. గాజు మీద రంగులాడుతున్నాయి, కిరసనాయిలు! ప్రొఫెసరుగారి నౌకరు ఎవడో లాంతరు చేతులతో ముట్టుకున్నాడనుకున్నాను. తడిగుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు. పట్టుదల వచ్చింది. ముగ్గుపిండి పెట్టి తోమాను. అప్పుడు పాల మీది మీగడలా ఒక పొర ముడుచుకుని గుడ్డకి వచ్చేసింది. గాజు మళ్ళీ ఎండకెత్తాను. రంగులు పోయాయి. అంత నిర్మలమైన గాజు నా రెండేళ్ళ అనుభవంలో ఒక్కటి లేదు. అక్కయ్య చూస్తే మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు తలుచుకున్న క్షణంలోనే ఏం చేశానో తెలిసి, అలాగే పెరట్లో బూడిద కుప్ప పక్కన కూలబడిపోయాను.

ఆ గీతలేమిటో చెబితేగాని నా ఏడుపు అర్థం కాదు. కొల్లేట్లో చేపల కోసం వెదురు దడులు కడతారు చూడండి, నీటికి అడ్డంగా. పడవ వెళ్ళినప్పుడు లేచిన అల వచ్చి ఆ దడిని కొడుతుంది. వెదురుకీ వెదురుకీ మధ్య సందు ఉంటుంది కదా. ప్రతి సందులోంచీ ఒక చిన్న గుండ్రటి అల అవతలకి బయలుదేరుతుంది. ఆ చిన్న అలలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి, కొన్ని దిక్కుల్లో కలిసి లేస్తాయి, కొన్ని దిక్కుల్లో ఒకదాన్నొకటి తినేసి పడుకుంటాయి. వెలుతురూ అలే. గాజు మీది గీతలు దాని దడి. అయితే ఒక్కో రంగుకీ ఒక్కో అంగ. ఎరుపుది పెద్ద అంగ, ఊదాది చిన్న అంగ. అందుకని ఎరుపు అలలన్నీ అడుగు కలిపే దిక్కు ఒకటి, ఊదా అలలు అడుగు కలిపే దిక్కు ఇంకొకటి. అలా తెల్లగా వచ్చిన వెలుతురు దడి దాటేసరికి రంగురంగులుగా విడిపోతుంది. గీతలు ఎంత దగ్గరైతే రంగులు అంత దూరమవుతాయి. ఒకే ఇంట్లో బావగారితో ఉన్నవాణ్ణి, ఆ సూత్రం నాకు లెక్క చెయ్యకుండానే తెలుసు.

గురువారం, శుక్రవారం నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. స్కూలుకి వెళ్ళాను, సుద్దముక్క పట్టుకున్నాను, పిల్లల మొహాలు కనిపించలేదు. మసి పట్టించిన గాజు మీద సూదితో గీతలు గీసి చూశాను. అంగుళంలో యాభై దాటేసరికి గీతలు గీతల మీద పడ్డాయి. సాహెబుగారి సన్నటి మల్లు గుడ్డ కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాను, రంగులున్నాయో లేవో అన్నట్టు నలకల్లా కదిలాయి. ప్రొఫెసరుగారికి ఉత్తరం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాను. తడిక అవతల సాహెబుగారు "రెండెరుపూ, ఒక నీలం" అని పిలుస్తున్న ప్రతిసారీ, పోయిన నా రంగుల్ని ఎవరో లెక్కపెట్టి వినిపిస్తున్నట్టుండేది. అన్నం సయించలేదు. బావగారి వరండా, పడక కుర్చీ, వచ్చిన పెద్దమనుషులు, "వెలుతురు చీల్చడానికి వెళ్ళి గాజు తోమి వచ్చాడండి" అన్న మాట ముందే వినిపించాయి. అంతకన్నా ముందు, అన్నం కింద దాచిన నెయ్యి కనిపించింది. మళ్ళీ ఆ కంచం ముందు కూచోలేను. ఏలూరు కాలవ తాడేపల్లిగూడెం కాలవకన్నా లోతు. ఆ మాట నేను రెండు రోజులు చాలా శాస్త్రీయంగా ఆలోచించాను.

శనివారం పొద్దున్న సాహెబుగారు తడిక తోసుకుని వచ్చారు. తెల్లటి గడ్డం నిండా ఉన్ని నూగు.

"ఏంటండీ మాస్టారూ, రెండ్రోజులయ్యి పూటకూళ్ళింటికి వెళ్ళట్లేదంట. మా ఇంటావిడ కనిపెట్టింది. ఒంట్లో బాగోలేదాండీ?"

గాజుముక్క ఆయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఎన్ని గీతలన్నారండీ?"

"అంగుళానికి పదిహేను వేలండి."

ఆయన చూపుడువేలు మీద అంగుళం కొలుచుకున్నారు. "మా తాత నేసిన తివాచీల్లో కూడా అంగుళానికి ఇరవై ముళ్ళు దాటలేదండి. ఇది ఎవరు నేశారండీ?"

"మిషను గీసిందండి."

"మిషను గీసినదాన్ని మీరెందుకు ఉతికారండీ?"

గాజు తీసుకుని పెట్టెలో పెట్టేశాను. "రండి, ఇక్కడ కూచోకండి. ఒక్కడూ కూచున్నచోట బుద్ధి పాడవుద్ది" అని చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకెళ్ళి పీట వేశారు. కొడుకులిద్దరూ సంతకి వెళ్ళారు. ఆయన గూట్లోంచి ఎండిన పక్షి రెక్క ఒకటి తీసి, తివాచీ మీది నూగు దులపడం మొదలుపెట్టారు. కొల్లేటి పడవవాళ్ళు తెచ్చి ఇచ్చే గూడబాతు రెక్క. చీపురు ముళ్ళని లాగేస్తుంది, రెక్క లాగదు. దులుపుతుంటే ఒక ఈక ఊడి నా ఒళ్ళో పడింది. తోచక దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకున్నాను, ఎవరికీ మొహం చూపించలేనివాడు ఏది దొరికితే అది అడ్డం పెట్టుకుంటాడు. ఎదురుగా కప్పులో పగిలిన పెంకు సందులోంచి వెలుతురు చుక్క ఒకటి కనిపిస్తోంది. ఈకలోంచి చూస్తే అది ఒక్కటి కాదు. మధ్యలో తెల్లటి చుక్క, దానికి అటూ ఇటూ వరసగా ఇంకా చుక్కలు, ప్రతి చుక్కకీ లోపలివైపు నీలం, బయటివైపు ఎరుపు. ఈకకి పిల్ల ఈకలు, ఆ పిల్లలకి మళ్ళీ పిల్లలు, వరసగా, సమంగా, మిషను గీసినట్టే దడి కట్టి ఉన్నాయి.

"సాహెబుగారూ! రంగులండీ! రంగులు!"

ఆయన దులపడం ఆపలేదు. "ఆఁ, కనబడతాయండి. చిన్నప్పుడు మా అమ్మ చూపించేది. అదేవన్నా వింతాండీ?"

నేను ఏడ్చేశాను. ఆయన కంగారుపడిపోయి, "అయ్యో, రెక్క కావాలంటే తీసుకోండి మాస్టారూ, దీనికోసం ఏడుస్తారా" అని, మొత్తం రెక్క పీకి, ఈకలన్నీ నా ఉత్తరీయంలో మూటకట్టారు.

సోమవారం క్లాసులో కిటికీ మూసి, చెక్కలో సన్నటి చీలిక కోసి, నూనెకాగితం అంటించి, బయట అద్దం పెట్టి ఎండని దాని మీదికి మళ్ళించాను. పిల్లలందరి చేతుల్లోనూ తలో ఈక. ఉన్న ఒక్క గ్రేటింగూ బతికి ఉంటే ఇన్‌స్పెక్టరుగారొక్కరే చూసేవారు. తలపాగా, పొడుగు కోటు, నవ్వని మొహం. ఆయన కూడా ఈక కంటికి పెట్టుకున్నారు. చాలాసేపు తియ్యలేదు.

"ఏ రంగు దూరంగా ఉందర్రా?" అన్నారు పిల్లల్ని.

"ఎరుపండీ!" అన్నారందరూ.

"మరి పట్టకంలో ఊదా కదండీ ఎక్కువ వంగేది?" ఈ ప్రశ్న నాకు. నేను కొల్లేటి దడి, అంగలు అన్నీ చెప్పాను. ఆయన తల ఊపారు. నా ప్రాణం సగం తిరిగొచ్చింది. ఆ సగంతోనే ఉండిపోవలసి వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేస్తూ, "హెడ్మాస్టరుగారు గ్రేటింగని రాశారే, అదేదీ?" అన్నారు.

అబద్ధమాడవచ్చు. రాలేదనవచ్చు. కానీ పిల్లలందరూ ఈకలు కళ్ళకి పెట్టుకుని నావైపే చూస్తున్నారు. పెట్టె ఇచ్చాను. ఆయన గాజు ఎత్తి చూశారు.

"ఇందులో ఏమీ లేదే?"

"లేదండి. ఉండేవండి. తుడిచానండి."

పాఠం బహు చక్కగా ఉందనీ, ఈ మనిషి చేతికి మాత్రం పరికరాలు అప్పగించడం క్షేమం కాదనీ ఆయన పుస్తకంలో రాసి వెళ్ళారు. రెండూ నిజమే. సెలవులకి స్కూలు మూసేలోగా ఉద్యోగం ఇంకొకరికిచ్చారు. ప్రొఫెసరుగారికి చివరికి ఉత్తరం రాశాను. కార్డు మీద ఒకే ముక్క వచ్చింది: "పంపవద్దు. ఉంచుకో." తిట్టి ఉంటే బాగుండేది.

నేను ట్రంకుపెట్టెతో తాడేపల్లిగూడెంలో దిగాను. బావగారు వరండాలోంచి లేవకుండానే, "ఏవోయ్, చీలిందా?" అన్నారు. గొడ్డలి అక్కడే ఉంది. ఏడు లాంతర్లూ అక్కడే ఉన్నాయి. ఆ వేసవి అంతా మళ్ళీ కట్టెలూ లాంతర్లే. చిమ్నీ ఎండకెత్తినప్పుడల్లా, రంగులాడితే గుడ్డ పక్కన పెట్టి ఒక్క క్షణం చూసేవాణ్ణి. అన్నం కింద నెయ్యి ఇంకా ఎక్కువైంది. ఒకరోజు అక్కయ్య వడ్డిస్తూ వడ్డిస్తూ, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ కాలవ దాకా వెళ్ళాను. కాలవ కట్టేశారు, బురద తప్ప ఏమీ లేదు. నా అదృష్టం ఎప్పుడూ అంతే, ఏదీ నిండుగా ఉండదు.

స్కూళ్ళు తెరిచేముందు కైకలూరు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి స్కూల్లో సైన్సుకి మనిషి కావాలి. ఆ ఇన్‌స్పెక్టరుగారే నా పేరు చెప్పారట. "మీ దగ్గర పాడుచెయ్యడానికి పరికరాలు ఎలాగూ లేవు, అతన్ని వేసుకోండి" అన్నారట. అక్కడే ముప్ఫయ్యేళ్ళు ఈకలతో, సబ్బు బుడగలతో, చెరువు నీళ్ళతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు మా వీధి చివరి స్కూల్లో డజను గ్రేటింగులున్నాయట. పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారట. కొల్లేటి దడుల చోట చేపల చెరువు గట్లు లేచాయి. గూడబాతుల్ని చూడాలంటే జనం ఇప్పుడు బైనాక్యులర్సు పట్టుకుని కారులో వెళుతున్నారు. సాహెబుగారి మనవలు ఉన్నారు, మగ్గం లేదు. మా కోడలు స్విచ్చి వేస్తే ఇల్లంతా వెలుతురే, తోమవలసిన గాజు ఒక్కటి లేదు. సుఖంగానే ఉంది. ఎవరికీ రంగులు కిరసనాయిల్లా కనిపించే ప్రమాదం లేదు. రంగులు కనిపించే ప్రమాదమూ తక్కువే.

అప్పట్లో ఆ కైకలూరు ఉద్యోగానికి నన్ను దిగబెట్టడానికి బావగారు తామే బయలుదేరారు. "మావాణ్ణి నేనే అప్పగించి రావాలండి" అని ఊరందరికీ చెప్పి, జరీ అంచు పంచె కట్టుకున్నారు. ఏలూరు దాకా రైలు, అక్కణ్ణుంచి బండి, ఆపైన కొల్లేట్లో పడవ. వేసవి చివర కదా, నీళ్ళు మోకాలి లోతు, బురద ఎంత లోతో దిగినవాడికే తెలుసు. పడవలో ఊసుపోక నేను పుస్తకంలోంచి ఈక తీసి, నీళ్ళ మీది తళుకుల్ని చూస్తున్నాను.

"ఏంటోయ్ అది?"

ఇచ్చాను. ఆయన కంటికి పెట్టుకున్నారు. నీళ్ళ మీద ఆడుతున్న ప్రతి తళుకూ ఎరుపు, పసుపు, నీలంగా విచ్చుకుని ఉంటుంది. నాకు తెలిసినంతలో మా బావగారు మాట లేకుండా ఉండిపోయింది ఆ ఒక్కసారే. చివరికి, "ఇది నాకిచ్చెయ్యవోయ్" అన్నారు.

"స్కూలుకి కావాలండి బావగారూ."

"ఎక్కడ దొరుకుతుందోయ్ ఇది?"

నేను దూరంగా మెరక మీద నిలబడ్డ గూడబాతుల్ని చూపించాను. "అక్కడండి. కొన్నది పనికిరాదండి, ఇంకొకరు తెచ్చినదీ పనికిరాదండి. పక్షి నిలబడ్డచోట రాలినదాన్ని చూసేవాడే స్వయంగా ఏరుకోవాలండి."

ఆయన జరీ పంచె తొడల దాకా ఎగ్గట్టి దిగారు. పడవవాడు నోరు తెరిచి చూశాడు. ఆయన బురదలో ఈదుకుంటూ, జలగల్ని పీక్కుంటూ వెళ్ళి, ఒక ఈక ఎత్తి, "ఇదేనటోయ్?" అని కేకేశారు. కాదన్నాను. ఇంకొకటి ఎత్తారు. ఇంకొంచెం అవతల చూడమన్నాను. ఏడో ఈకకి ఔనన్నాను.

ఆ ఈకని ఆయన బతికినన్నాళ్ళూ ఇనప్పెట్టెలో దాచుకుని, వచ్చిన ప్రతి పెద్దమనిషికీ వరండాలో వెలుతురు చీల్చి చూపించారు. ఆ వరండా కిందే, వాకిట్లో, ఇరవై కోళ్ళు తిరుగుతూ ఉండేవి. ఏ కోడి ఈక ఎత్తి చూసినా అవే రంగులు కనిపిస్తాయని నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.